మీగడ రంగు తలుపులు

ప్లైవుడ్ కొట్లో ఆమెను అందరూ రంగులమ్మ అంటారు. యజమానికైనా ఆమె అసలు పేరు గుర్తుందో లేదో నాకు అనుమానమే. నేను వడ్రంగి మేస్త్రిని. ముప్ఫయ్యేళ్లుగా జనాల వంటిళ్లలో చతికిలబడి అరలు బిగించి బిగించి మోకాళ్లు అరగదీసుకున్నవాణ్ణి. అందులో పద్దెనిమిదేళ్లుగా సరుకంతా ఆమె చేతి మీదుగానే తీసుకుంటున్నాను. కాబట్టి ఆమె గురించి చెప్పే హక్కు నాకు కొంత ఉంది. నేను సిగ్గుపడాల్సిన సంగతి కూడా ఇందులో ఒకటుంది. దాన్ని దాచుకోవాలని లేదు.

కొట్టు ముందు భాగమంతా బోర్డులు నిలువుగా పేర్చి ఉంటాయి. వాటి మధ్య పక్కకు తిరిగి నడిచి వెళ్తే వెనకాల ఒక బల్ల, రెండు ట్యూబ్‌లైట్లు, గోడ నిండా వేలాడే మైకా ముక్కలు, అంటే చెక్క మీద అంటించే పల్చటి రంగు రేకుల నమూనాలు. ఒక్కోటీ అరచేయంత. ఐదారు వందల రంగులు ఉంటాయి. ఆ బల్ల వెనక పొద్దున తొమ్మిదిన్నరకు నిలబడిందంటే ఆమె మళ్లీ కూర్చునేది మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పినప్పుడే. కుర్చీ లేక కాదు. కూర్చుని మాట్లాడేవాళ్ల దగ్గర ఎవరూ సరుకు కొనరని యజమాని నమ్మకం. అందుకని ఆ కుర్చీలో పాత కేటలాగులు కూర్చుంటాయి, ఆమె నిలబడుతుంది.

వచ్చేవాళ్లందరిదీ ఒకటే జబ్బు. చేతిలో సెల్‌ఫోను, అందులో ఎవరో కోటీశ్వరుడి వంటిల్లు ఫొటో, జేబులో చూస్తే ఆ వంటింటి గడపకు కూడా చాలని డబ్బు. నాలాంటివాడైతే ఆ ఫొటో చూడగానే ఒంటికాలి మీద లేస్తాడు. ఆమె లేవదు. ముందుగా ఒకే ప్రశ్న అడుగుతుంది.

“మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారండీ?”

“మా అమ్మ” అనో, “మా ఆవిడ” అనో వాళ్లంటారు.

“అయితే రేపు వాళ్లను తీసుకురండి. డబ్బు కట్టేవాళ్లు చూస్తే చాలదు, వండేవాళ్లు చూడాలి.”

ఆ తర్వాత బల్ల మీదున్న రెండు గాజు గ్లాసులు చూపిస్తుంది. రోజూ కొట్టు తెరవగానే వాటిలో నీళ్లు పోసి, ఒకదాంట్లో రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన చవక బోర్డు ముక్క, రెండోదాంట్లో నీటికి తట్టుకునే ప్లైవుడ్ ముక్క వేసి పెడుతుంది. సాయంత్రానికి మొదటిది ఉబ్బిపోయి, వేలితో నొక్కితే ముద్దలా చితికిపోతుంది. ఆ చవక బోర్డు మీదే యజమానికి లాభం ఎక్కువ. ఆయన ఆ గ్లాసుల్ని ఎన్నిసార్లు తీసేయమన్నాడో లెక్కలేదు. ఆమె “అలాగేనండి” అంటుంది, మర్నాడు మళ్లీ నీళ్లు పోస్తుంది.

“ఉన్న డబ్బు తలుపుల మీద కాదండీ, వాటి వెనకుండే అరల డబ్బాల మీద పెట్టండి. సింకు కింద మాత్రం మంచి ప్లైవుడ్ వేయించండి. పై అరలకు తక్కువ రకం చాలు, అక్కడికి నీళ్లు రావు కదా. లోపలి వైపుకి పల్చటి తెల్ల మైకా, బయటి వైపుకి కాస్త మందం. ఆ మెరిసే రకం జోలికి మాత్రం పోకండి, వేలిముద్రలు తుడవలేక చస్తారు.”

ఇదే మాట రోజుకు పదిసార్లు, పద్దెనిమిదేళ్లు. సాయంత్రం ఆరయ్యేసరికి ఆమె గొంతు పోతుంది. అప్పుడు వచ్చినవాళ్లకు వేలితో చూపిస్తూ తలాడిస్తుంది. విన్నవాళ్లు బాగుపడ్డారు. విననివాళ్లు మూడేళ్లకు ఉబ్బిన తలుపు ఫొటో పట్టుకుని ఆమె మీదకే పోట్లాటకొచ్చారు. వాళ్ల మాటలన్నీ కిక్కురుమనకుండా విని, మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టేది. ఇంత ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందో అని నేననుకునేవాణ్ణి. అది ఓపిక కాదనీ, పోట్లాడటానికి ఒంట్లో ఓపిక లేకపోవడమనీ తర్వాత అర్థమైంది.

రంగులమ్మ ఇంట్లో ఐదుగురు. భర్త లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమస్తా, ఊళ్లు తిరిగే పని. ఇద్దరు పిల్లలు బడికెళ్తారు. అత్తగారికి డెబ్భై దాటాయి. వంట మొత్తం ఆవిడదే. పొద్దున డబ్బాలు కట్టివ్వడం దగ్గర్నుంచి రాత్రి గిన్నెలు సర్దడం వరకూ ఆవిడ మరొకర్ని వేలు పెట్టనివ్వదు.

“మా అత్తయ్య గరిటె కింద పెట్టిన రోజు నేను కొట్టు మానేయాల్సిందే మేస్త్రీ గారూ” అని రంగులమ్మ నాతో చాలాసార్లు అంది. “పొద్దున ఐదుగురికి వండి, ఇక్కడ తొమ్మిది గంటలు నిలబడి, వెళ్లి మళ్లీ వండటం నా వల్ల కాదు. కొట్టు మానేస్తే పిల్లల ఫీజులకు దారి లేదు. ఆవిడ నడుమెప్పుడు నొప్పన్నా నా ప్రాణం గుటుక్కుమంటుంది.”

ఊళ్లోవాళ్ల వంటిళ్లన్నీ దిద్దిన ఈ మనిషి ఇంట్లో మాత్రం గోడకు నాలుగు సిమెంటు అరలు. తలుపు లేదు, తెర లేదు. గ్యాసు సిలిండరు, ఉల్లిపాయల బుట్ట, నూనె డబ్బా, అన్నీ వచ్చినవాళ్లకు కనబడుతూనే ఉంటాయి. ఎవరైనా చుట్టాలొస్తే వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి మాట్లాడేదట. ఈ సంగతి ఆమే నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

చివరికి కిందటేడు ఎలాగో కూడబెట్టి నన్ను పిలిచింది. ఒక ఆదివారం కొలతలు తీసుకోవడానికి వెళ్లాను. ఆమె సంచిలోంచి నాలుగు మైకా ముక్కలు తీసి అత్తగారి ముందు పెట్టింది. కొట్లో చెప్పే మాట ఇంట్లో కూడా పాటిస్తోందని ముచ్చటేసింది.

“మీరే చెప్పండి అత్తయ్యా. వండేది మీరు.”

పెద్దావిడ ఒక్కో ముక్కా తీసుకుని బొటనవేలితో పైనుంచి కిందికి రుద్దింది. రెండుసార్లు రుద్దింది. చివరికి ముదురు గోధుమ రంగుది, చెక్క గీతలు చేతికి గరుగ్గా తగిలేది తీసి, “ఇది” అంది.

“అదా! వంటిల్లంతా చీకటి చేసేస్తుంది అత్తయ్యా. ఇది చూడండి, మీగడ రంగు. ఎంత నున్నగా ఉందో.”

“అడిగావు, చెప్పాను. ఇక నీ ఇష్టం” అని ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది.

రంగులమ్మ ముఖం చిన్నబోయింది. అత్తగారికి ఈ వంటిల్లు కట్టించడమే ఇష్టం లేదనుకుంది. కోడలు సంపాదించి చేయిస్తోందని కినుకేమో అని కూడా నాతో గొణిగింది. ఎవరు ఎలా ముట్టుకుంటే ఏం కొంటారో కొట్లో దూరం నుంచే చెప్పగలిగే మనిషి, ఇంట్లో అత్తగారి బొటనవేలిని చదవలేకపోయింది.

మర్నాడు కొట్లో లెక్క తేల్చేసింది. ఎవరో రద్దు చేసుకున్న ఆర్డరు తాలూకు మీగడ రంగు షీట్లు మూడు మిగిలిపోయాయి, మెరిసే రకం. యజమాని సగం ధరకు ఇస్తానన్నాడు. గరుకు రకం కావాలంటే పూర్తి ధర పెట్టాలి. ఆ డబ్బు కోసం సింకు కింద ప్లైవుడ్ మానుకుని పొట్టు బోర్డు వేసుకోవాలి.

“తలుపులు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఉబ్బిన డబ్బాలు మార్చుకోలేం కదా” అంది.

“మెరిసే రకం జోలికి పోవద్దని ఊరందరికీ చెప్తావు కదా తల్లీ?” అని నేను మేలమాడాను.

ఆమె ఆ షీటు అంచును వేలితో నిమిరింది. “నాకూ ఒక్కసారి అలాంటి వంటిల్లు కావాలనిపించింది మేస్త్రీ గారూ. పద్దెనిమిదేళ్లుగా అందరికీ ఎంచి పెడుతున్నాను. వేలిముద్రలు నేనే తుడుచుకుంటాలెండి” అంది. పిడులకు అయ్యే డబ్బు కూడా మిగల్చాలని, అసలు పిడులే లేకుండా ప్రతి తలుపు అంచుకూ వేళ్లు దూరేంత గాడి పెట్టమంది. కింద ఐదు తలుపులు, పైన ఆరు.

పని ఆరు రోజులు సాగింది. ఇంట్లో పగలంతా నేను, పెద్దావిడ. పొయ్యి హాల్లోకి మార్చి, అక్కడే వంట చేసేది. మొదటిరోజు నాకు టీ పోస్తూ కప్పులో చూపుడు వేలు పెట్టింది. టీ వేలికి తగిలేదాకా పోసి ఆపింది. ఇదేం శుభ్రం రా దేవుడా అనుకుని, తాగలేక తాగాను. రెండోరోజు కూడా అంతే. అప్పుడు కాస్త గమనించి చూశాను. ఆవిడ నడిచేటప్పుడు ఎడమచేయి గోడను వదలడం లేదు. నేను దారిలో ఉంచిన రంపప్పెట్టె దగ్గరకొచ్చి, కాలికి తగలగానే ఆగింది. దాని వైపు చూడనైనా చూడలేదు.

“పెద్దమ్మా, మీకు చూపు...” అని మొదలుపెట్టాను.

“మేస్త్రీ, నీకు కళ్లు బాగానే కనబడుతున్నాయిలే. నోరు కూడా కాస్త అదుపులో పెట్టుకో” అంది.

గొంతు పెంచలేదు. కానీ ఆ చెప్పడంలో ఎంత భయం ఉందో నాకు తెలిసింది. అప్పుడైనా నేను రంగులమ్మకు చెప్పాల్సింది. అప్పటికి ఒక్క తలుపుకీ మైకా అంటించలేదు. రంగు మార్చుకోవచ్చు, గాడి మాని పిడులు పెట్టుకోవచ్చు, అసలు తలుపులే వద్దనుకోవచ్చు. నేను చెప్పలేదు. అత్తాకోడళ్ల మధ్య మనకెందుకు తలనొప్పి అనుకున్నాను. నిజం చెప్పాలంటే అంత ఆలోచన కూడా చేయలేదు. ఒళ్లు పచ్చిపుండుగా ఉంది, ఇంకో ఇంట్లో పని ఒప్పుకుని ఉన్నాను, త్వరగా ముగించుకుని పోదామనుకున్నాను. నేను సిగ్గుపడాల్సిన సంగతి అన్నది ఇదే.

తలుపులు బిగిస్తున్నప్పుడు పెద్దావిడ నా వెనకే నిలబడి, “ఇది ఎటు తెరుచుకుంటుంది? ఇది?” అని అడుగుతూ ఒక్కోదాన్నీ తడుముకుంది. పదకొండూ తడిమింది. పాఠం వల్లించే పిల్లలా పెదవులు కదుపుతూ ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు నడిచింది. ఎక్కడ చెయ్యి వేసినా అదే నునుపు. ఏ తలుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వేళ్లకు అందలేదు. నేను మాత్రం తలుపుల మడతబందులు బిగించుకుంటూ పోయాను.

ఆ సాయంత్రం రంగులమ్మ పర్మిషన్ పెట్టి రెండు గంటలు ముందే వచ్చింది. గుమ్మంలో ఆగిపోయింది. కిటికీ వెలుగు పడి వంటిల్లంతా లేత పసుపుగా మెరుస్తోంది. ఒక్కో తలుపూ తెరిచింది, మూసింది. చీర చెంగుతో తన వేలిముద్రలే తుడిచింది. హాల్లోంచి స్టూలు తెచ్చుకుని వంటింటి మధ్యలో కూర్చుంది. ఆమె అంత తీరిగ్గా కూర్చోవడం నేను అదే చూడటం. “బాగుంది మేస్త్రీ గారూ” అంది. గొంతు పోయి ఉంది, మాట సరిగా రాలేదు. నాక్కూడా ఆ ఒక్క గంట అలసట తెలియలేదు.

ఆ తర్వాత నాలుగోరోజు ఉదయం రంగులమ్మ ఫోను. “ఒకసారి రండి” అంది, అంతే. ఏ తలుపో సరిగ్గా పడటం లేదనుకుని స్క్రూడ్రైవరు పట్టుకుని వెళ్లాను.

పెద్దావిడ హాల్లో గోడకు ఆనుకుని కూర్చుంది. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి, దాని కింద చీరుకుపోయిన గీత. వంటింట్లో నేలంతా గాజుపెంకులు, పంచదార. పై అర తలుపు తెరిచే ఉంచి పక్కకు జరిగి, మళ్లీ వెనక్కొచ్చిందట. తెల్లటి గోడ ముందు ఆ లేత రంగు తలుపు ఆవిడకు ఉన్నట్టే తెలియలేదు. దాని అంచు నుదుటికి తగిలింది. అంతకు ముందు మూడు రోజులు పిల్లల డబ్బాల్లో ఒకసారి ఉప్పు రెండింతలు, ఒకసారి అసలు లేదు. కొత్త వంటిల్లు కదా, అలవాటు కాలేదని అందరూ నవ్వుకున్నారు.

“ఎన్నాళ్ల నుంచి అత్తయ్యా?” అని రంగులమ్మ అడుగుతోంది. అది ఎన్నోసారి అడగడమో.

“రెండేళ్లు దాటింది.”

“ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే గరిటె లాక్కుంటావు. నువ్వు కొట్టు మానేస్తావు. ఆ పాత అరల్లో ఏది ఎక్కడుందో నా చేతికి తెలుసు. చెయ్యి చాపితే ఉప్పు, జానెడు పక్కన కారం. గడిచిపోతోంది కదా అనుకున్నాను.” ఆవిడ చెంగుతో ముక్కు తుడుచుకుంది. “ఈ తలుపులు కూడా నేర్చుకుందామనే చూశానమ్మా. నా చేతికి రావడం లేదు.”

రంగులమ్మ నా వైపు తిరిగింది.

“ఆరు రోజులు ఈవిడతో ఉన్నారు. మీకు తెలుసా మేస్త్రీ గారూ?”

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. “తెలుసమ్మా” అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. “నేనే ఆవిడ చేతిలో పెట్టి అడిగాను. ఆవిడ చెప్పింది కూడా. వినలేదు” అని, చీపురు తీసుకుని పెంకులు ఊడవటం మొదలుపెట్టింది. నా మీద కోపం తెచ్చుకునే శక్తి కూడా ఆమెకు మిగల్లేదని అర్థమైంది. ఎవరి తిట్టూ నన్ను అంత బాధపెట్టలేదు.

కళ్ల డాక్టరుకు చూపించారు. లోపలి నరం ఎండిపోతోందని, పోయిన చూపు రాదని, మిగిలిందాన్ని నిలబెట్టడానికి జీవితాంతం చుక్కలు వేయాలని చెప్పాడు. రెండేళ్ల క్రితం వస్తే వేరుగా ఉండేదని కూడా అన్నాడట. అలాంటి మాటలు ఎందుకంటారో నాకు తెలియదు.

ఆ తర్వాతి ఆదివారం మళ్లీ పిలిచింది. వెళ్లేసరికి నుదుటి మీద పట్టీతో పెద్దావిడ స్టూలు మీద కూర్చుని ఉంది.

“తలుపులు తీసేయండి” అంది రంగులమ్మ.

“ఎందుకమ్మా? పిడులు పెడతాను. ఒక్కోదానికీ ఒక్కో రకం, చేతికి తెలిసేట్టు. డబ్బులేం వద్దు.”

“పిడి తెరవడానికి పనికొస్తుంది. తెరిచి మర్చిపోయిన తలుపు ఎలా కనబడుతుంది? ఈసారి కంటికి తగిలితే?” ఆమె అప్పటికే అన్నీ ఆలోచించి పెట్టుకుంది. “కొన్ని తీసి కొన్ని ఉంచినా, ఎక్కడ ఉందో ఎక్కడ లేదో గుర్తుపెట్టుకోవాలి. అన్నీ తీసేయండి.”

పెద్దావిడ వద్దంది. బతిమాలింది. “ఇన్నాళ్లు కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసి చేయించుకున్నావు, నా కోసం పీకేయకమ్మా” అంది. కోడలు స్క్రూడ్రైవరు తీసి నా చేతికిచ్చింది. నేను బిగించిన స్క్రూలన్నీ నేనే విప్పాను. బిగించడానికి రోజంతా పట్టింది, విప్పడానికి గంటకు మించి పట్టలేదు. పదకొండు తలుపులూ గోడకు వరసగా ఆనించాను. వాటి మీద ఒక్క గీత లేదు.

రంగులమ్మ అత్తగారి చెయ్యి పట్టుకుని అరల ముందుకు తీసుకొచ్చింది. ఉప్పు, కారం, పంచదార, పప్పులు పాత వరసలోనే సర్ది పెట్టింది. పెద్దావిడ చెయ్యి చాపింది. ఉప్పు డబ్బా అందింది. జానెడు జరిపింది, కారం అందింది. ఆవిడ ముఖంలో బెదురు పోయింది. “సరిపోయింది” అంది. పొయ్యి వెలిగించి ఎసరు కూడా పెట్టేసింది. దెబ్బ తగిలినప్పటి నుంచీ రంగులమ్మే నాలుగింటికి లేచి వండి, కొట్లో నిలబడి, వచ్చి మళ్లీ వండింది. ఎసరు చప్పుడు వినగానే గోడకు చేరగిలబడి కళ్లు మూసుకుంది.

కాసేపటికి పెద్దావిడ పొయ్యి దగ్గర నుంచే అడిగింది. “ఆ తలుపులు ఏం రంగన్నావు?”

“మీగడ రంగు, అత్తయ్యా.”

“బాగున్నాయా?”

“బాగున్నాయి.” కళ్లు మూసుకునే ఏడుస్తోంది. చప్పుడు బయటికి రాకుండా పెదవి కరచుకుంది.

ఆ గొంతును బట్టే పెద్దావిడకు తెలిసిపోయింది. గరిటె తిప్పుతూనే, మామూలుగా, రేపటి కూర గురించి చెప్పినట్టు అంది. “వాటిని ఎవరికీ అమ్మకు. జాగ్రత్తగా దాచుకో. నేను పోయాక మళ్లీ బిగించుకుందువు గాని.”

“నోరు ముయ్యండి అత్తయ్యా!” అని రంగులమ్మ అరిచింది. “ఇంకోసారి ఆ మాట అన్నారంటే వాటిని నడివీధిలో వేసి తగలబెడతాను!”

పద్దెనిమిదేళ్లలో ఆమె గొంతు అంత పైకి లేవడం నేను వినలేదు. పెద్దావిడ మాత్రం “సరేలే, ముందు ముఖం కడుక్కో. అన్నం తిందువు గాని” అంది.

నేను పాత పేపర్లు అడిగి తీసుకున్నాను. మెరుపు మీద గీతలు పడకుండా రెండు తలుపుల మధ్య ఒక్కో పేపరు పెట్టి, తాడుతో కట్టి, పెద్దావిడ మంచం కిందకి తోశాను. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. ఇప్పటికీ కొట్టుకు వెళ్లినప్పుడల్లా ముందు ఆ తలుపుల సంగతే అడుగుతాను. తలుపులు ఇంకా మంచం కిందే ఉన్నాయని రంగులమ్మ చెప్తుంది. చాలాకాలం అక్కడే ఉండాలని కోరుకుంటాను.